బొడ్డు తుడిచే చెయ్యి

"అమ్మా, మాస్కు జారింది," అంది నీళ్ళాయా.

పెద్ద సిస్టరు తలెత్తలేదు. ఎదురుగా బల్ల మీద మూడు రోజుల మగబిడ్డ కాళ్ళు కొట్టుకుంటున్నాడు. మందు దూదితో వాడి బొడ్డు మొదలు చుట్టూ ఒక్కసారి తుడిచి, ఆ దూది పారేసి, ఇంకో దూది అందుకుంది.

"జారలేదు, నేనే లాగాను. ముక్కు దాకా వేసుకుంటే కళ్ళద్దాలకి ఆవిరి పట్టేస్తోంది. గుడ్డిదానిలా తుడవమంటావా? నీ నీళ్ళ సంగతి నువ్వు చూసుకో."

నీళ్ళాయా తువ్వాల్లో చుట్టి తెచ్చిన ఆడపిల్లను బల్ల మీద పడుకోబెట్టి స్నానాల గదిలోకి వెళ్ళిపోయింది. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, పుట్టిన బిడ్డలకు నీళ్ళు పోసే ఆయా గనక నీళ్ళాయా అనే నిలిచిపోయింది. మోచెయ్యి ముంచి నీళ్ళ వేడి చూసేది. ఆమె చేతిలో పడితే ఎంత ఏడుపుగొట్టు బిడ్డైనా నోరు మూసి చూస్తూ ఉండేది.

పుట్టిన బిడ్డల వార్డులో పని ఒక వరసలో నడిచేది. స్నానం నీళ్ళాయాది. గుడ్డలు మార్చడం జూనియర్ నర్సుది. బొడ్డు తుడవడం మాత్రం పెద్ద సిస్టరుది. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు, సిస్టరు పెట్టిన రూలు. సెలవు రోజున కూడా ఓ గంట వచ్చి బొడ్లు తుడిచి వెళ్ళేది. ఆవిడ కంట్లో నలుసు పడ్డా ఊరుకుంటుంది గానీ బొడ్డు మీద ఇంకో చెయ్యి పడితే ఊరుకోదని వెనక నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ! పదహారేళ్ళుగా ఆ వార్డులో ఒక్క బొడ్డూ పాడవలేదు. అది ఆషామాషీ సంగతి కాదు.

సిస్టరు కళ్ళజోడు ఎగదోసుకుని ఆడపిల్ల తువ్వాలు విప్పింది. విప్పిన చెయ్యి ఆగిపోయింది. చంకలో రెండు నీటిపొక్కులు, పెసరగింజంతవి. ఒకదానిలో పసుపుపచ్చని చీము దిగి ఉంది. ఇంకొకటి చితికి, పచ్చిగా మెరుస్తోంది. కింద బొడ్డు చుట్టూ మరో మూడు.

"అయ్యో నా తల్లీ!" అంది సిస్టరు.

ఈ వారంలో ఇది నాలుగో బిడ్డ. మొదటి బిడ్డకు చెమటకాయలనుకున్నారు. రెండో బిడ్డకు లేపనం రాశారు. మూడో బిడ్డ తల్లి, "ఆస్పత్రికి వచ్చాకే కదా వచ్చింది!" అని వరండా అంతా వినబడేలా అరిచింది. ఆ అరుపు సిస్టరు చెవుల్లో ఇంకా ఉంది. ఆమె బల్ల దగ్గర నుంచి కదిలి స్నానాల గదిలోకి వెళ్ళింది. నీళ్ళాయా చేతులు తుడుచుకుంటోంది. ఎడమ మణికట్టు మీద, గాజులుండే చోట, సన్నని గుడ్డపీలిక కట్టి ఉంది.

"ఏమిటా గుడ్డ?"

నీళ్ళాయా చెయ్యి వెనక్కి తీసుకుంది. "సెగగడ్డమ్మా. రెండ్రోజులైంది. పిల్లల్ని ముట్టుకునేటప్పుడు పైన గ్లౌజు వేసుకుంటూనే ఉన్నా."

"ఎవరికి చెప్పావు?"

నీళ్ళాయా గుడ్డపీలిక మీద రెండో చెయ్యి కప్పుకుంది. చెప్తే పనిలోంచి నిలిపేస్తారని భయపడింది, అది మొహంలోనే తెలుస్తోంది. సిస్టరుకు ఒళ్ళు మండిపోయింది.

"నా కొంప ముంచావు కదే! నలుగురు పసిగుడ్లు! వాళ్ళ తల్లులకు నేనేం చెప్పుకోను?"

"నా వల్ల కాదమ్మా. పిల్లలకి పొక్కులొచ్చాకే నాకీ గడ్డ..."

"నోర్ముయ్! ఏ బిడ్డ దగ్గరికీ రాకు. దూరంగా నిలబడు. అక్కడే, గోడ దగ్గర."

నీళ్ళాయా వార్డులోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. తల్లులు ఒక్కొక్కరే మంచాల మీద నుంచి తలెత్తి చూశారు. ఒకావిడ తన బిడ్డను గట్టిగా గుండెకు అదుముకుంది. డాక్టరు వచ్చేదాకా, దాదాపు ముప్పావుగంట, ఆమె అలా నిలబడే ఉంది.

పిల్లల డాక్టరు మితభాషి. కొత్త సూదితో పొక్కు పైపొర గిల్లి, వచ్చిన బొట్టును గాజు పలక మీద అద్దాడు. మిగతాది దూదిపుల్లకు పట్టించి గొట్టంలో పెట్టాడు. పాప ఒళ్ళంతా తిప్పి చూశాడు.

"అన్నీ బొడ్డు దగ్గరే మొదలవుతున్నాయి. గమనించారా సిస్టర్?"

"స్నానం చేశాక తడి నిలిచేది అక్కడేగా డాక్టరుగారూ."

ఆయన ఏదో అనబోయి మానేశాడు. "రేపు అందరి ముక్కుల్లోంచీ శాంపిల్ తీయండి. ఈ పొక్కులు తెచ్చే సూక్ష్మజీవి ముక్కులోనే కాపురం పెడుతుంది. పది మందిలో ముగ్గురికి ఉంటుంది, వాళ్ళకి తుమ్ము కూడా రాదు. నా ముక్కులోనూ ఉండొచ్చు. గొట్టాల మీద పేర్లు రాయకండి, నంబర్లు వేయండి. ల్యాబులో ఎవరి నోరూ ఊరుకోదు. ఏ నంబరు ఎవరిదో జాబితా మీ దగ్గరే పెట్టుకోండి."

"దొంగ దొరికాక ఇదంతా ఎందుకండీ?"

"దొరికిందో లేదో తెలియాలి కదా," అన్నాడు డాక్టరు.

*

"రేపటి నుంచి ఆవిడ రాదు," అంది సిస్టరు ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా. "పీడ వదిలింది."

భర్త కుర్చీలో కూర్చుని రేడియో విప్పి పెట్టుకున్నాడు. రిటైరయ్యాక ఇంట్లో విప్పని వస్తువు లేదు, తిరిగి బిగించిన వస్తువూ లేదు. "ఎవరూ, ఆ నీళ్ళు పోసే ఆవిడా? మన మనవడికి కూడా ఆవిడే కదా పోసింది? పాపం, మంచి మనిషే."

"మంచి మనిషైతే గడ్డ దాచిపెడుతుందా?"

"అడిగేలోపే అరుస్తావేమో. నీకు కోపం ముక్కు మీదే ఉంటుంది."

"నేను ముక్కుసూటి మనిషిని. ఉన్నమాటంటాను."

"సరే తల్లీ. ఆ కళ్ళజోడిలా ఇవ్వు, కాళ్ళు బిగిస్తాను. రోజుకి వందసార్లు ఎగదోసుకుంటావు, చూసేవాళ్ళకే చెయ్యి నొప్పి పుడుతోంది."

"మీ చేతికిస్తే ఆ రేడియో గతే," అని ఆమె కళ్ళజోడు ఎగదోసుకుంటూ వంటగదిలోకి వెళ్ళింది.

*

మర్నాడు శాంపిళ్ళు తీసింది. పొడవాటి పుల్ల, చివర దూది. ముక్కులో కొద్ది లోపలికి పెట్టి చుట్టూ తిప్పి గొట్టంలో వేసి మూత బిగించాలి. జూనియర్ నర్సు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊడ్చే ఆయా చక్కిలిగింతలని నవ్వింది. డాక్టరు రెండుసార్లు తుమ్మి, "నా దానికి కాస్త మంచి నంబరు వేయండి," అన్నాడు. శాంపిల్ కోసం పిలిపించిన నీళ్ళాయాను వార్డులోకి రానివ్వకుండా వెనక వరండాలోనే కూర్చోబెట్టారు. డాక్టరు అక్కడికే వచ్చి, మణికట్టు దగ్గర మొద్దుబారే మత్తుసూది ఇచ్చి గడ్డ మీద చిన్న గాటు పెట్టాడు. చీమంతా పిండి, లోపల కడిగి, కట్టు కట్టాడు. ఆ చీములోంచి ఒక పుల్ల, ముక్కులోంచి ఒక పుల్ల.

"నా మూలానేనా డాక్టరుగారూ?" అని అడిగింది నీళ్ళాయా. గాటు పెట్టినప్పుడు కూడా మెదలని మనిషి ఇప్పుడు లేచి నిలబడింది.

"ఇంకా తెలీదమ్మా."

"తెలియడానికేముంది?" అంది సిస్టరు గొట్టం మూత బిగిస్తూ.

చివరగా వాష్‌రూములో అద్దం ముందు నిలబడి తన ముక్కులో తనే పుల్ల పెట్టుకుంది. గొట్టం మీద అయిదు అని వేసింది. నీళ్ళాయాది మూడు, ఆమె గడ్డ చీముది ఎనిమిది. వరస కావాలనే కలిపేసింది. రేపు ఎవరూ పక్షపాతం అనకూడదు కదా. జాబితా మడిచి యూనిఫాం జేబులో పెట్టుకుంది.

స్నానాల గదిలో బేసిన్లు తనే తోమి, మరిగే నీళ్ళు పోసింది. దుప్పట్లన్నీ మార్పించింది. ఆ రోజు నుంచి బిడ్డలకు జూనియరే నీళ్ళు పోసింది, పెద్ద సిస్టరు పక్కన నిలబడి చూసింది. బొడ్డు మాత్రం ఎప్పటిలాగే తనే తుడిచింది, ఇంకా శ్రద్ధగా, ఇంకా దగ్గరగా వంగి.

మూడో రోజు చంకలో పొక్కులున్న పాపకు జ్వరం వచ్చింది. బొడ్డు చుట్టూ ఎరుపు అరచేయంత పాకింది. పాలు తాగడం లేదు. పక్కగదికి మార్చి, అంత చిన్న చేతిలో నరం వెతికి సెలైన్ ఎక్కించి, ఇంజెక్షన్ మొదలుపెట్టారు. పాప తల్లి ఏడవడం కూడా మానేసి గోడ కేసి చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం జూనియర్ వచ్చి, "మేడమ్, ఒకసారి రండి," అంది. తలుపు పక్క మంచంలో మగబిడ్డ. బొడ్డు పక్కన పొక్కు.

"వీడెప్పుడు పుట్టాడు?" అన్నాడు డాక్టరు.

"నిన్న పొద్దున," అంది జూనియర్.

నీళ్ళాయాను పంపేసింది మొన్న.

"ఏ తువ్వాలుకో అంటుకుని ఉంటుంది," అంది సిస్టరు. అన్నాక, తువ్వాళ్ళన్నీ ఉడకబెట్టించింది తనేనని గుర్తొచ్చింది. ఇదేం పాడు బెంగ, నాకెందుకు భయం అని తనను తనే కసురుకుని దూది అందుకుంది.

*

నాలుగో రోజు పని అయ్యాక, ఆస్పత్రి సూపరింటెండెంటు చెప్పినట్టు, సిస్టరు నీళ్ళాయా యూనిఫామూ, గుర్తింపు కార్డూ వెనక్కి తేవడానికి వాళ్ళింటికి వెళ్ళింది. ప్యూన్‌ని పంపొచ్చు. ఎందుకో తనే బయల్దేరింది. సైకిలు షాపు పక్క నుంచి ఇరుకు మెట్లు, పైన రెండు గదులు. నీళ్ళాయా గుమ్మం బయట పీట మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. లోపల కోడలు అయిదు నెలల పిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది. పిల్ల నాయనమ్మను చూసి చేతులు చాచింది. కోడలు భుజం అటు తిప్పేసింది.

"మీరే చెప్పండి మేడమ్," అంది కోడలు. "ఈవిడ చంటిదాన్ని ముట్టుకోవచ్చా? ఏం ఫర్వాలేదంటారీవిడ. ఏమీ లేనిదే ఆస్పత్రివాళ్ళు ఊరికే పంపేస్తారా? కింద షాపాయన కూడా అడుగుతున్నాడు, మీ అత్తకి అంటురోగమటగా అని."

నీళ్ళాయా కట్టు విప్పి చెయ్యి చాపింది. గాటు ఎండి, చుట్టూ చర్మం మామూలుగా ఉంది. "మానిపోయిందమ్మా. చూడండి. మీరొక్కమాట చెప్తే అది వింటుంది. నాలుగు రోజులైంది, చంటిదాన్ని ఎత్తుకుని."

సిస్టరు ఆ చేతిని చూసింది. మానిందన్నది నిజం. ఆ మాటే అంటే సరిపోయేది. కానీ పక్కగదిలో సెలైన్ కింద పడుకున్న పాప గుర్తొచ్చింది. అంతకంటే ముందు, తలుపు పక్క మంచంలో మగబిడ్డ గుర్తొచ్చాడు. ఆ తలపును పక్కకు నెట్టేసింది.

"రిపోర్టు వచ్చేదాకా ముట్టుకోకపోవడమే మంచిది," అంది.

కోడలు 'చూశారా' అన్నట్టు తలూపి లోపలికి వెళ్ళిపోయింది. నీళ్ళాయా ఇస్త్రీ చేసి మడతపెట్టిన యూనిఫాం తెచ్చి, పైన కార్డు పెట్టి ఇచ్చింది.

"మరిగే నీళ్ళలో ఉతికానమ్మా. భయం లేదు, పట్టుకోండి," అంది.

*

అయిదో రోజు పొద్దున సూపరింటెండెంటు గదిలో నలుగురున్నారు. బల్ల మీద నీళ్ళాయాను పనిలోంచి తీసేసే కాగితం టైపు చేసి సిద్ధంగా ఉంది. ల్యాబు పెద్దాయన చీటీలు ముందేసుకుని, ముక్కు చివర ఉన్న కళ్ళద్దాల్లోంచి చదివాడు.

"అయిదుగురు పిల్లల చీములోనూ పెరిగింది ఒకటే. మామూలుగా ఇచ్చే మందుకి లొంగదు. అందుకే పక్కగది పాపకి జ్వరం దిగలేదు. ఇదిగో, ఏ మందు పనిచేస్తుందో రాశాను."

డాక్టరు చీటీ లాక్కుని జూనియర్‌కు ఫోను చేశాడు. పాప మందు మార్చమన్నాడు. పెట్టేశాక, "ముక్కులు?" అన్నాడు.

"ఎనిమిదో నంబరు చీములో ఉన్నది వేరే రకం. ఏ మందు వేసినా చచ్చేది, పాపం అమాయకురాలు. మూడో నంబరు ముక్కులో ఏమీ లేదు. పిల్లల్లో ఉన్నదీ, అయిదో నంబరు ముక్కులో ఉన్నదీ అచ్చంగా ఒకటే. ఏ మందుకు లొంగుతుందో, ఏ మందుకు లొంగదో, ఎక్కడా తేడా లేదు."

సిస్టరు చెయ్యి జేబు మీదికి పోయింది. జాబితా తీసి చూడాల్సిన పని లేదు.

"అయిదంటే ఆ ఆయానేగా?" అన్నాడు సూపరింటెండెంటు, కలం మూత తీస్తూ.

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. పదహారేళ్ళు! ఒక్క బొడ్డు పాడవకుండా పదహారేళ్ళు! డాక్టరు తన కేసే చూస్తున్నాడు. ఆమె కళ్ళు దించుకుంది. సూపరింటెండెంటుకు ఆ మౌనం చాలు. గబగబా సంతకం గీకేశాడు.

"వెళ్ళి పని చూసుకోండి సిస్టర్. మీరు ముందే పట్టారు కాబట్టి సరిపోయింది," అన్నాడు.

వార్డులో జూనియర్ అప్పుడే స్నానం చేయించిన బిడ్డను బల్ల మీద పడుకోబెట్టింది. పుట్టి ఒక్క రోజు. బొడ్డు ఇంకా తెల్లగా, తడిగా ఉంది. బిడ్డ నోరు తెరిచి ఆవులించింది. సిస్టరు చేతులు కడుక్కుని, గ్లౌజులు వేసుకుని, దూది తీసుకుని వంగింది. కళ్ళజోడు జారింది. గ్లౌజు వేసుకున్న వేలితో ఎగదోసుకుంది. ఆ వేలు ముక్కును రాసుకుంటూ కిందికి దిగింది. దిగి, బిడ్డ కడుపు కేసి వెళ్ళింది.

మధ్యలో ఆగింది.

తన వేలిని తను చూసుకుంది. ఎన్ని వేలసార్లు! ఎంత మంది బిడ్డలు! అయిదుగురితో పోయింది గానీ... ఆమె దూది పళ్ళెంలో పడేసి రెండడుగులు వెనక్కి వేసింది.

"నువ్వు తుడువు," అంది జూనియర్‌తో.

"నేనా మేడమ్? బొడ్డా?"

"నువ్వే. మాస్కు ముక్కు పైదాకా లాక్కో. మొహం ముట్టుకోకు. ముట్టుకుంటే గ్లౌజులు మార్చు."

జూనియర్ తెల్లబోయి చూస్తుండగానే సిస్టరు వార్డు బయటికి నడిచింది. డాక్టరు వరండాలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె కోసమే నిలబడ్డట్టున్నాడు. జాబితా తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన మడత విప్పకుండానే తలూపాడు.

"మీకు తెలుసా?"

"బొడ్డు దగ్గర మొదలవుతోందంటే, బొడ్డు ముట్టుకునేది ఒక్కరే కదా సిస్టర్. రుజువు లేకుండా మిమ్మల్ని అనలేకపోయాను. ఆవిణ్ణి మాత్రం అందరం అననిచ్చాం." జాబితా జేబులో పెట్టుకున్నాడు. "ముక్కులో లేపనం, పూటకోసారి, అయిదు రోజులు. ఒంటికి మందు సబ్బు. తర్వాత మళ్ళీ పరీక్ష. అది బాగుందని వచ్చేదాకా వార్డులోకి రాకండి. ముక్కులో ఉండటం మీ తప్పు కాదు."

"మాస్కు?"

ఆయన కొంచెం తటపటాయించాడు. "మాస్కు తప్పే," అన్నాడు.

సిస్టరు మళ్ళీ సూపరింటెండెంటు గదికి వెళ్ళింది. అయిదో నంబరు తనదేనని నిలబడే చెప్పింది. కాగితం చింపించేదాకా కూర్చోలేదు. ఆయన, "ఈ సంగతి బయటికి పొక్కకుండా చూద్దాం లెండి," అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

*

సిస్టరు ఆ ఇస్త్రీ యూనిఫాం సంచిలో పెట్టుకుని ఇరుకు మెట్లెక్కింది. ఈసారి మాస్కు ముక్కు మీదిదాకా ఉంది. పైకి చేరేసరికి కళ్ళద్దాలకు ఆవిరి పట్టి ఎదుటి మనిషి మసకగా కనిపించింది. తుడుచుకోలేదు.

"నీ కోడల్ని పిలువు," అంది. "చంటిదాన్ని తీసుకుని రమ్మను."

కోడలు వచ్చింది. సిస్టరు దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"మీ అత్తయ్య చేతుల్లో ఏమీ లేదమ్మా. పిల్లలకి అంటించింది నేను. నా ముక్కులోంచి వెళ్ళింది. తెలియకుండా ఈవిడ మీద అరిచాను. కొంచెం అనుమానమొచ్చాక కూడా నోరు విప్పలేదు. కింద షాపాయనకి కూడా చెప్పే వెళ్తాను."

కోడలు మొహం కందిపోయింది. పిల్లను అత్త వైపు చాపింది. నీళ్ళాయా వెంటనే అందుకోలేదు. సిస్టరు కేసి చూస్తూ నిలబడింది.

"ఆ పాపకెలా ఉందమ్మా? చంకలో పొక్కులొచ్చిన పాపకి?"

"మందు మార్చారు. ఇందాక రెండు చుక్కలు పాలు తాగిందట. గండం గడవలేదింకా." సిస్టరు సంచి రెండో చేతిలోకి మార్చుకుంది. "నీకు తెలుసు కదూ? మాస్కు సంగతి నువ్వొకసారి అన్నావు."

"నాలుగైదుసార్లు అన్నానమ్మా. మీకు ఒకసారే వినబడింది."

"గట్టిగా ఎందుకనలేదు?"

"గట్టిగా అంటే అప్పుడే నిలబెట్టేవారు, గోడ దగ్గర."

సిస్టరుకు ఏడుపొచ్చింది. సంచిలోంచి యూనిఫాం తీసి గుమ్మం పక్క పీట మీద పెట్టింది. నీళ్ళాయా లోపలికి వెళ్ళి కుళాయి తిప్పింది. సబ్బు రాసుకుని అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మోచేతుల దాకా రుద్దుకుంది. పదహారేళ్ళ కింద సిస్టరే పక్కన నిలబడి నేర్పిన పద్ధతి అది, ఒక్క వేలు తప్పలేదు. ఉతికిన గుడ్డతో అద్దుకుని వచ్చి చేతులు చాచింది. పిల్ల ఒక్క గెంతున మీదికి ఉరికి, నాయనమ్మ చెంప పట్టుకుని లాగింది. కట్టు లేని మణికట్టు పిల్ల వీపు మీద ఆగింది.

సిస్టరు తనకు తెలియకుండానే ఒకడుగు ముందుకేసి, పిల్ల పాదం పట్టుకోబోయింది.

"మీరు కాస్త దూరంగా నిలబడండమ్మా," అంది నీళ్ళాయా. "అక్కడే, గుమ్మం దగ్గర."

ఆ మాటలో కోపం లేదు. నీళ్ళు కాగాయి, బిడ్డను తెమ్మని వార్డులో చెప్పే గొంతే అది. సిస్టరు వెనక్కి జరిగి గుమ్మం దగ్గర నిలబడింది.